రూఫ్‌టాప్ అన్నారు, పైన చూస్తే రేకులు

మొన్న శనివారం అమ్మానాన్నల్ని తీసుకుని వైజాగ్ బీచ్ రోడ్డులో కొత్తగా పెట్టిన ఒక రూఫ్‌టాప్ రెస్టారెంట్‌కి వెళ్ళాం, పేరు చెప్పను గానీ ఆర్కే బీచ్ నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. లిఫ్టు నాలుగో ఫ్లోర్ దాకానే, ఆ తర్వాత మెట్లు, అమ్మకేమో మోకాళ్ళ నొప్పులు. బుక్ చేసినప్పుడే చెప్పుంటే అయిపోయేది.

ఎక్కి చూస్తే మొత్తం రేకుల షెడ్డు. నాన్న తలెత్తి చూసి "ఏట్రా, రూఫ్‌టాప్ అంటే కప్పు మీద అనుకున్నాను, మళ్ళీ కప్పు కిందే కూర్చోబెట్టారేటి" అన్నారు. కరెక్టే కదా, మనం డాబా అంటాం, మేడమీద అంటాం, సీమోళ్ళు మిద్దె అంటారు, ఏదన్నా పైన ఆకాశం కనబడాలి కదండీ. ఎండాకాలం కరెంటు పోతే చాపా దిండూ పట్టుకుని ఎక్కేది అక్కడికే, పాత చీర పరిచి వడియాలు పెట్టేదీ అక్కడే, ఇప్పుడు దానికే రూఫ్‌టాప్ అని పేరెట్టి ప్లేటు రొయ్యల వేపుడుకి 420 తీసుకుంటున్నారు. (నాకు రేకులంటే భయం కూడాను, హుద్‌హుద్ తుఫాను రోజు, 2014 అక్టోబర్ 12న, మా డాబా మీద రేకులు లేచిపోయి పక్కవీధిలో దొరికాయి.)

ఇంకో కామెడీ, మెట్ల దగ్గర 'సన్‌సెట్ సీ వ్యూ' అని బోర్డు. బాబూ, మన సముద్రం తూర్పున ఉంది! వైజాగ్‌లో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గానీ అందులోకి దిగడు, సాయంత్రానికి మన వీపు వెనక కొండల్లోకి పోతాడు. సర్వర్ కుర్రాడ్ని అడిగితే నవ్వేసి "బోర్డు హైదరాబాద్‌లో చేయించారు సార్" అన్నాడు.

ఆ రొయ్యలకి మాత్రం వంక పెట్టలేం, కరివేపాకు కరకరలాడుతోంది, రొయ్య సాగలేదు. బిర్యానీ ఓకే. గాలికి టిష్యూలు ఎగిరిపోతుంటే సాస్ సీసా బరువు పెట్టాం, ఉప్పుగాలికి టేబులంతా జిడ్డు, పాపం తుడుస్తూనే ఉన్నారు.

పిట్టగోడ పక్కన రేకులు లేని టేబుళ్ళు రెండే ఉన్నాయి, ఎనిమిదింటికి ఒకటి ఖాళీ అయితే ప్లేట్లతో సహా మారిపోయాం. అక్కడ్నించి ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్, అటు డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ లైటు, పౌర్ణమి వెళ్ళి రెండ్రోజులే కాబట్టి నీళ్ళ మీద ఎర్రగా చంద్రుడు. అమ్మ పిట్టగోడ మీద చెయ్యి పెట్టి చూసి "ఈ చెమ్మకి వడియాలు ఎండవులే" అంది.

5కి 3 ఇస్తున్నా. వెళ్తే ఫోన్ చేసి 'రేకులు లేని టేబుల్' అని తెలుగులోనే అడగండి, రూఫ్‌టాప్ టేబుల్ అంటే షెడ్డులో వేసేస్తారు.