నల్ల పొర మిగిలింది, ఇనుము పోయింది: తుప్పు మందుతో నాలుగేళ్లు

ముందే ఒప్పుకుంటున్నా. తుప్పు పట్టిన ఇనుము మీద పూసే ఈ మందును మొదటి రెండేళ్లు కనపడిన ప్రతివాడి దగ్గరా పొగిడాను. మా వీధిలో ఇద్దరు నా మాట విని కొన్నారు కూడా. వాళ్లలో ఒకాయన ఇప్పటికీ ఎదురుపడితే నవ్వుతాడు గానీ ఏమీ అనడు. ఆ నవ్వుకు జవాబుగానే ఇది రాస్తున్నా.

బండి 1994 మోడల్ టాటామొబైల్ 206 పికప్. మా మామయ్యది. పదిహేనేళ్ల పాటు సూళ్లూరుపేట చుట్టుపక్కల చెరువుల నుంచి చెన్నై కాశిమేడుకు రొయ్యలు మోసింది. రొయ్యల బండి సంగతి తెలిసినవాళ్లకు ఇక వేరే చెప్పక్కర్లేదు. ట్రేల్లో ఐసు కరిగి, ఆ ఉప్పునీళ్లు రాత్రంతా లోడ్ బాడీలోంచి చాసీ మీదికి, క్యాబిన్ కిందికి కారుతూనే ఉంటాయి. ఆ తర్వాత ఎనిమిదేళ్లు పాకలో పడుంది. 2021లో మామయ్య ఫోన్ చేసి, "పాత ఇనుముకు వేసేస్తున్నా, కావాలంటే తోలుకుపో" అన్నాడు. తెచ్చి ఉత్తర చెన్నై తిరువొత్తియూరులో మా ఇంటి పక్క రేకుల షెడ్డులో పెట్టాను. అక్కడి నుంచి సముద్రం గట్టిగా కిలోమీటరు ఉండదు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

ఇంజను, గేరుబాక్సు, బ్రేకులు, కాగితాల భారతం ఇక్కడ రాయను. అవన్నీ డబ్బు, ఓపిక ఉంటే అయ్యే పనులు. పుదుపేటలో రెండు ఆదివారాలు తిరిగితే ఎడమ డోరు, హెడ్‌లైటు గిన్నె, అద్దం దించే హ్యాండిల్ దొరికాయి. డబ్బుకు లొంగనిది తుప్పు ఒక్కటే.

హార్డ్‌వేర్ షాపులో రస్ట్ కన్వర్టర్ అన్నా ఇస్తారు, తుప్పు మందు అన్నా ఇస్తారు. నేను కొన్నది టానిక్ యాసిడ్ రకం. చూడ్డానికి పాలలా తెల్లగా ఉంటుంది. వైరు బ్రష్షుతో పొలుసులు రాల్చి, ఎర్రగా మిగిలిన తుప్పు మీద దీన్ని పూస్తే పది నిమిషాల్లో ఊదా రంగుకు తిరుగుతుంది, గంటకల్లా కాటుక నలుపు. మొదటిసారి చూసినప్పుడు నేను పని ఆపేసి, స్టూలు వేసుకుని, అది నల్లబడేదాకా చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ కాఫీ తెచ్చి, "ఏమైంది, బండి పిల్లల్ని పెడుతోందా" అంది.

ఇందులో మాయేమీ లేదు. మా శ్రీకాళహస్తి వైపు కలంకారీ చూసినవాళ్లకు ఇది పాత కథే. గుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లతో దాని మీద గీత గీస్తారు. గీసేటప్పుడు వెలవెలబోతూ ఉన్న గీత చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలో ఉన్నదీ టానినే, ఈ డబ్బాలో ఉన్నదీ ఆ జాతిదే. ఇనుముతో కలిస్తే కరగని నల్ల పదార్థం అవుతుంది. డబ్బాలో దానికి తోడు బంక లాంటి రెజిన్ కలుపుతారు, అది ఆరి పొర కడుతుంది. నమ్మకం కుదరక ఒకరోజు జాకీ రాడ్డు మీద కరక్కాయ కషాయం పూసి చూశాను. అదీ నల్లబడింది. వారం తర్వాత చేతికి అంటింది, అది వేరే సంగతి.

లోడ్ బాడీ, వెనక తలుపు, క్యాబిన్ ఫ్లోరు, మడ్‌గార్డుల లోపలి వైపు, చాసీ మీద బ్రాకెట్లు, అన్నిటికీ రెండు కోట్లు. పైన ఎపాక్సీ ప్రైమరు, దాని పైన పెయింటు. కనపడని చోట్ల, అంటే ఫ్లోరు మీద, మ్యాటు ఎలాగూ వస్తుంది కదా అని పెయింటు కూడా వేయలేదు, నల్ల పొరనే వదిలేశాను. అది తప్పని డబ్బా మీద చిన్నక్షరాల్లో ఉంది. చదివాను, అయినా వదిలేశాను.

మొదటి రెండేళ్లు నిజంగానే బాగుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు మా వీధిలో నీళ్లు టైరు సగం దాకా నిలబడ్డాయి. తుఫాను వెళ్లాక మ్యాటెత్తి చూస్తే ఫ్లోరు నల్లగా నిగనిగలాడుతోంది. ఎక్కడా ఎర్రటి చుక్క లేదు. ఫొటో తీసి చుట్టాలందరికీ పంపాను.

2024 నవంబరులో నాన్నను నాయుడుపేట నుంచి తీసుకొస్తున్నాను. వెనక నాలుగు బస్తాల బియ్యం, పైన టార్పాలిను. తడ దాటాక వాన పట్టుకుంది. గుమ్మిడిపూండి దగ్గరికి వచ్చేసరికి నాన్న కాళ్లు అటూ ఇటూ జరుపుతున్నాడు. "ఒరే అబ్బయ్యా, అరికాలికి సల్లంగా తగలతా ఉంది, ఏందిరా ఇది?" అన్నాడు. డోరు రబ్బరు లీకేమో అనుకున్నా. టీ కొట్టు దగ్గర ఆపి మ్యాటెత్తాను. ఫ్లోరు నల్లగా, నున్నగా, మొన్ననే పూసినట్టుంది. చెయ్యి పెట్టి చూస్తే తడి. ఎక్కడి నుంచి వస్తోందో తెలియలేదు. బొటనవేలితో నొక్కాను. మెత్తబడ్డ అప్పడం నొక్కినట్టు లోపలికి దిగింది.

స్క్రూడ్రైవరు మొనతో పొడిచాను. చప్పుడు లేకుండా దూరిపోయింది. ఇనుములోకి ఏదైనా దిగితే కనీసం ఒక కిర్రు అయినా వినపడాలి. అది కూడా లేదు. చుట్టూ గోటితో లాగితే నల్ల పొర పాల మీద మీగడ లేచినట్టు ఒక్క ముక్కగా లేచి వచ్చింది, ఎక్కడా చిరగలేదు. దాని కింద కాఫీ పొడి లాంటి గోధుమరంగు పొడి. ఆ పొడిని ఊదితే కింద తారు రోడ్డు కనపడింది. రెండు అరచేతులంత చిల్లు. పైన పొర మాత్రం కంపెనీ వాడు చెప్పినట్టే చెక్కు చెదరలేదు, కాపాడాల్సిన ఇనుమే దాని కింద లేదు. మిగతా దారంతా నాన్న సీటులో మఠం వేసుకుని, దేవుడి పటంలా కూర్చున్నాడు. నాకు క్లచ్చు నొక్కాలంటేనే టెన్షన్. నా కాళ్ల కింద పూసిందీ అదే మందు.

రాయపురంలో మాకు తెలిసిన టింకరు భాయ్ ఉన్నాడు, బండ్ల రేకు పని చేస్తాడు. నలభై ఏళ్లుగా ఇదే పని. ఆయన షెడ్డుకొచ్చి ఫ్లోరు కోసి తీశాక అసలు సంగతి బయటపడింది. ఫ్లోరు రేకు కింద బలానికి అడ్డంగా ఒక చానల్, అంటే మడిచిన రేకు పట్టీ, అతికించి ఉంటుంది. ఆ రెండు రేకుల మధ్య సందులోకి నా బ్రష్షు ఎప్పుడూ వెళ్లలేదు, వెళ్లే దారి కూడా లేదు. నేను పైన సిరా పూస్తున్నంతసేపూ కింది నుంచి తుప్పు తన పని తాను చేసుకుపోయింది. తుప్పు ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి రెండు రేకుల్నీ ఎడంగా నెట్టి, ఆ సందులో ఇంకాస్త నీళ్లు నిలవడానికి చోటు చేసింది.

నేను ఆశ్చర్యపోయింది దీనికి కాదు. భాయ్ ఆ పొడి చిటికెడు తీసి నా చేతిలో పెట్టి, "తంబీ, నాలుక మీద వేసుకో" అన్నాడు. వేసుకున్నాను. ఉప్పగా ఉంది. "రొయ్యలు" అన్నాను. ఆయన తలూపాడు గానీ, షెడ్డు మూలన ఉన్న బకెట్లో వేలు ముంచి నాలుకకు రాసుకుని, "వీటితోనే కడిగావా?" అన్నాడు.

మాది బోరు నీళ్లు. తాగడానికి క్యాన్ వస్తుంది కాబట్టి ఆ నీళ్ల రుచి పదేళ్లలో నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఉత్తర చెన్నైలో, మీంజూరు వైపు భూగర్భజలంలోకి సముద్రం చొరబడిందని దశాబ్దాలుగా అందరూ చెప్పుకునే మాటే. అది నా బకెట్లో కూడా ఉందని తట్టలేదు. డబ్బా మీద "శుభ్రమైన నీటితో కడిగి ఆరనివ్వండి" అని ఉంది. మా బోరు నీళ్లు అద్దంలా తేటగా ఉంటాయి. నాకు ఆ కంపెనీ మీద కోపం ఈ ఒక్క వాక్యం దగ్గరే. "ఉప్పులేని నీళ్లు" అని రాసి ఉంటే రెండు పదాల ఇంకు ఖర్చయ్యేది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా ఎలా చెమ్మగిల్లుతుందో, తుప్పు గుంటల్లో ఇరుక్కున్న ఉప్పు కూడా అలాగే గాలిలోంచి తేమ లాక్కుంటుంది. దాని మీద ఎంత మంచి పొర వేసినా మూతేసిన గిన్నెలో ఉడికినట్టు లోపల ఉడుకుతూనే ఉంటుంది.

ఆ వారం వాటర్ ఫిల్టర్ సర్వీసుకు వచ్చిన కుర్రాడి దగ్గర, నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క చూపే టీడీఎస్ మీటరు అడిగి పెట్టి చూశాను. బోరు నీళ్లు 2,300. కుళాయిలో వచ్చే మెట్రో వాటర్ 280. మేడ మీది నుంచి పట్టిన వాన నీళ్లు 25. మర్నాడే అలాంటి మీటరు ఒకటి కొన్నాను, మూడు వందల లోపే. ఈ బండి మీద నేను పెట్టిన డబ్బులో ఇంత పనికొచ్చిన మూడు వందలు ఇంకోటి లేవు.

2003లో తమిళనాడులో ప్రతి ఇంటికీ వాన నీటి సేకరణ తప్పనిసరి చేసినప్పుడు మా ఇంటి ఓనరు మేడకు పైపులు వేయించాడు. అవి నేరుగా గుంతలోకి పోతాయి. ఒక పైపును పక్కకు తిప్పి, ఆ నవంబరు, డిసెంబరు వానలకు రెండు నీలం డ్రమ్ములు నింపి మూత పెట్టాను. మొదటి వాన నీళ్లు పట్టకూడదు, మేడ మీద పేరుకున్న ఉప్పూ దుమ్మూ అంతా అందులోనే వస్తుంది.

2025 మార్చిలో ఎండలు ముదిరాక పని మొదలుపెట్టాం. రేకు పొలుసులు రాల్చి, వాన నీళ్లు పోసి, నైలాన్ బ్రష్షుతో రుద్ది, కారిన నీళ్లు పళ్లెంలో పట్టి మీటరు పెట్టాను. 1,140. మళ్లీ పోశాను, 600 చిల్లర. మూడోసారి 210. మధ్యలో ఒక రాత్రి తడి గోనెపట్టా కప్పి ఉంచితే మర్నాడు మళ్లీ 400కు ఎగబాకింది. గుంటల్లో దాక్కున్నది మెల్లగా బయటికి వస్తోందన్నమాట. 60కి దిగేసరికి నాలుగు రోజులు పట్టింది. భాయ్ పళ్లెం, మీటరు చూసి, "నాలుక చాలదా?" అన్నాడు గానీ, రెండో రోజు నుంచి అంకె ఎంత వచ్చిందని ఆయనే అడగడం మొదలుపెట్టాడు.

ఇందులో ఒక చిక్కుంది. కడిగిన ఇనుము ఒక్క గంటలోనే మళ్లీ లేత ఎరుపెక్కుతుంది. గుడ్డతో తుడిచి, మా ఆవిడ హెయిర్ డ్రయ్యరుతో సందులు ఆరబెట్టాను. దానికి ఇంట్లో నేను చెల్లించిన మూల్యం వేరే రాయాలి. పోయిన చోట 18 గేజ్ రేకు కొత్తది, సీఓటూ వెల్డింగ్, అతుకుల మీద సీలరు. చానల్ లోపలికి మాత్రం ఏ మందూ వద్దన్నాడు భాయ్. మైనం, గేరాయిల్ నీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి, పశువుల సిరంజితో లోపలికి కొట్టాం. ఎండాకాలంలో కొంచెం వాసన వస్తుంది, అప్పుడప్పుడు ఒక చుక్క కిందికి కారుతుంది. భరించొచ్చు.

ఇంత తిట్టాక కూడా, కొత్తగా కడిగిన ఫ్లోరు మీద మళ్లీ అదే తుప్పు మందు పూశాను. నవ్వుకోండి. గుంటల అడుగున మిగిలే ఎరుపు బ్రష్షుకు అందదు, గ్రైండరుతో తీస్తే రేకే పలచబడిపోతుంది. అక్కడ దీనికి మించింది నా చేతికి దొరకలేదు. ఈసారి పైన ప్రైమరు, పెయింటు రెండూ వేశాను. ఇంకో మాట కూడా చెప్పాలి. వెనక తలుపు ఒంటి రేకు. దానికి 2021లో అదే చేత్తో, అదే బోరు నీళ్లతో చేసిన పని ఇప్పటికీ బాగానే ఉంది, అంచు మడత దగ్గర తప్ప. అంటే తప్పంతా మందుదేనా, నీళ్లదా, మామయ్య రొయ్యలదా, పెయింటు వేయని నా బద్ధకానిదా అంటే ఎవరి వాటా ఎంతో నేను విడదీయలేను.

మా బావమరిది బెంగళూరు యలహంకలో ఉంటాడు. నా దగ్గరున్న డబ్బాలోంచే సగం పట్టుకెళ్లి తన పాత జీపుకు పూశాడు. కావేరి నీళ్లతో కడిగాడు. నాలుగేళ్లయినా దానికి ఏమీ కాలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "బావా, మందు బ్రహ్మాండం" అంటాడు. వాడికి సముద్రం లేదు, రొయ్యలు లేవు. వాడి మాటా నిజమే, నా మాటా నిజమే.

మీది ఒంటి రేకు పని అయితే, నీళ్లు మంచివైతే, కొనండి, కానీ పెద్ద డబ్బా వద్దు. రెండు రేకులు కలిసే చోటైతే, ఎంత నల్లగా కనపడినా నమ్మకుండా వేలితో నొక్కి చూడండి. తీరం పక్కన ఉండి బోరు నీళ్లు వాడేవాళ్లైతే మందు కంటే ముందు మీటరు కొనండి. నాకు ఆదివారాలు మాత్రమే ఖాళీ, షెడ్డు ఇంటి ఓనరు దయ, కాబట్టి బండిని మొత్తం విప్పి, ఇసుక జోరుగా కొట్టి తుప్పు రాల్చే బ్లాస్టింగ్‌కు పంపే దారి నాకు లేదు. ఆ దారి ఉన్నవాళ్లకు ఇదంతా అక్కర్లేదేమో.

డబ్బా అడుగున మిగిలిన దాన్ని మా ఇంటి గేటుకు పూశాను, వాన నీళ్లతో కడిగాకే. బాగానే ఉంది. దానికి ఇంకా ఒక్క వానాకాలమే అయింది.