“బోరు కొట్టించాం, కొత్త పిస్టన్” అంటే ఆ ఆర్15, ఆర్‌సీ 390 కొనకండి

శ్రీకాకుళం, విజయనగరంలో సెకండ్ హ్యాండ్ యమహా ఆర్15, కేటీఎం ఆర్‌సీ 390 బైకులు చూస్తున్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్సు ఇవ్వండి. “ఇంజన్ పని మొత్తం అయిపోయింది, బోరు కూడా కొట్టించాం” అని అమ్మేవాళ్లు గొప్పగా చెబుతున్నారు. అంటే అరిగిన సిలిండర్ లోపలి గోడని మెషిన్ మీద కోయించి పెద్ద చేశామని. స్ప్లెండర్‌కైతే అది మంచి మాటే. ఈ ఇంజన్లకు కాదు.

స్ప్లెండర్ బ్లాకులో, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ భాగంలో, ఇనుప లైనర్ (లోపలి గొట్టం) ఉంటుంది. అరిగితే కోసి ఓవర్‌సైజు పిస్టన్ వేస్తారు. ఆర్15ది సిలికాన్ బాగా కలిపిన అల్యూమినియం బ్లాకు, యమహా వాళ్లు డయాసిల్ అంటారు. అందులో లైనరే లేదు. ఆర్‌సీ 390లో అల్యూమినియం మీద నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసిన పల్చటి పూత. బోరింగ్ మెషిన్ ఎక్కిస్తే ఆర్15 గోడ పాడవుతుంది, కేటీఎం పూత పోతుంది కాబట్టి లోపల ఇనుప స్లీవ్ (గొట్టం) దిగగొడతారు. వేడికి ఇనుము కన్నా అల్యూమినియం ఎక్కువ సాగుతుంది. రెంటి మధ్య సందు పడితే వేడి కూలెంట్‌కి చేరదు. కేటీఎంలోలా 89 మిల్లీమీటర్ల పిస్టన్ ఒక్కటే భారమంతా మోస్తూ 9,000 ఆర్‌పీఎం కొట్టే ఇంజన్‌లో అలా జరిగితే పిస్టన్ పట్టేసి సీజ్ అవడం ఖాయం.

ఈ మధ్య శ్రీకాకుళంలో చేతులు మారిన ఒక ఆర్15 వీ3 ఇలాంటిదే. ఊళ్లో తిరిగినంతసేపు బాగుంది. హైవే మీద చిలకపాలెం దాటేసరికి టెంపరేచర్ లైటు, ఆ వెనకే నీలిపొగ. విప్పితే లోపల స్లీవ్, సిలిండర్ పైమూత (హెడ్) దగ్గర లీకు ఆపడానికి పూసిన సిలికాన్ పేస్టు. చప్పుడు, పొగ దాచడానికి చిక్కటి కారు ఆయిల్ పోసి అమ్మారు. ఈ బండ్లలో క్లచ్ కూడా ఆ ఆయిల్లోనే మునిగి ఉంటుంది. కారు ఆయిల్‌తో ప్లేట్లు జారతాయి. డబ్బా మీద జాసో ఎంఏ2 అని, అంటే ఇలా ఆయిల్లో మునిగే క్లచ్‌లకు సరిపోయే బైకు ఆయిల్ అనే గుర్తు, ఉండాలి. ఆర్15కి 10డబ్ల్యూ-40, కేటీఎంకి 15డబ్ల్యూ-50.

చూడడానికి వెళ్లేముందు స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బ్లాకు మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మరో రోజు పొద్దున్నే వెళ్లండి. చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి, స్టార్ట్ చేసి చూడండి. బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్ (హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయినట్టే. వేడి మీద మాత్రం ఆ మూత ముట్టుకోకండి, మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. తర్వాత మూడో గేరులో 7,000 దాకా లాగండి, వెనకాల ఇంకొకరు బండి మీద వస్తూ పొగ గమనించాలి. లాగుతున్నంతసేపూ నీలిపొగ వస్తే రింగులు, బోరు పోయాయి. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ ఇచ్చినప్పుడు మాత్రమే ఒక్కసారి వస్తే వాల్వ్ సీళ్లు. అది చిన్న ఖర్చే, బేరం తగ్గించుకోవచ్చు. టాప్ గేరులో ఫుల్లుగా ఇస్తే ఆర్‌పీఎం ఎగిరి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఏడు రోడ్ల జంక్షన్ లాంటి రద్దీలో కాసేపు తిప్పండి: ఫ్యాను తిరగాలి, మళ్లీ దానంతట అదే ఆగాలి.

సిలిండర్లో ఒత్తిడి చూపించే కంప్రెషన్ గేజి ఒక్కదాన్నే నమ్మకండి. ఆర్‌సీ 390 కామ్‌లో డీకంప్రెసర్ (స్టార్టింగ్ తేలికవడానికి ఒత్తిడి కొంచెం వదిలే ఏర్పాటు) ఉంటుంది, బాగున్న ఇంజన్ కూడా తక్కువ చూపిస్తుంది. లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్లోకి గాలి ఎక్కించి ఎంత లీకవుతోందో చూసేది) చేయగల మెకానిక్‌ని తీసుకెళ్లండి. సర్వీస్ సెంటర్ బిల్లులో సిలిండర్, పిస్టన్ రెండూ కొత్తవి పడినట్టు ఉంటే భయపడక్కర్లేదు.

ఇచ్ఛాపురం వైపు ఓడీ నంబరు బండి చవగ్గా వస్తే ఒడిశా ఆర్టీవో ఇచ్చిన ఎన్‌ఓసీ, అంటే ఫారం 28, చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కూడా ధరలో కలిపి చూసుకోండి.