పది గంటలకు మ్యాచ్ అయిపోతే రూముకెట్లా?

అండర్-17 ఆడపిల్లల ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు పోతామంటే మా ఇంట్లో మొదట ఎవరూ టికెట్ ఎంతని అడగలేదు. "రాత్రి ఎనిమిదికి ఆట మొదలైతే పది దాటుతుంది. ఊరు కాని ఊళ్లో ఇద్దరు ఆడపిల్లలను పెట్టుకొని రూముకు ఎట్లా పోతావు?" అన్నాడు మా అన్న. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. 2022 అక్టోబర్‌లో పక్షం రోజుల తేడాలో భువనేశ్వర్, నవీ ముంబై రెండూ చూసొచ్చాను కాబట్టి ఇప్పుడు చెప్పగలను.

ఆ ఇద్దరిలో ఒకతె నా మేనకోడలు, లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు డిఫెన్స్ ఆడుతుంది. ఇంకొకతె దాని స్నేహితురాలు, గోల్‌కీపర్. ఇద్దరూ అనంతపురంలో పొద్దున, సాయంత్రం గ్రౌండ్‌కు పోయేవాళ్లే. ఈ టోర్నీలో 2005 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లే ఆడాలి. "మాకంటే రెండేళ్లు పెద్ద అంతే అత్తా, చూడాల్సిందే" అని నన్ను పట్టుకున్నారు.

నిజానికి ఈ కప్ 2020లోనే మన దేశంలో జరగాల్సింది. కోవిడ్ వల్ల వాయిదా పడింది, ఆ తర్వాత రద్దయింది, చివరికి 2022కు మళ్లీ మనకే ఇచ్చారు. జూలైలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కు స్లీపర్ బెర్తులు బుక్ చేసి నిశ్చింతగా ఉన్నాను. ఆగస్టు మధ్యలో మన ఫుట్‌బాల్ సమాఖ్యను ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా సస్పెండ్ చేసింది. బయటివాళ్ల జోక్యం ఉందని కారణం చెప్పారు. ఇంక కప్ మన దేశంలో ఉండదని అందరూ అంటుంటే టెన్షన్ పడి టికెట్లు క్యాన్సిల్ చేశాను. ఆగస్టు 26న సస్పెన్షన్ ఎత్తేశారు. ఆ పది పన్నెండు రోజులు ఓపిక పట్టి ఉంటే క్యాన్సిలేషన్ డబ్బులు మిగిలేవి, కింది బెర్తులూ మిగిలేవి. మళ్లీ బుక్ చేస్తే ఆర్‌ఏసీ వచ్చింది. ఒక బెర్తు మీద ఇద్దరం, ఇంకో సగం బెర్తు మీద ఒకరం.

బయల్దేరే ముందు రాత్రి, అక్టోబర్ 11న, భారత్ అమెరికా చేతిలో 8-0తో ఓడిపోయింది. ఎనిమిదో గోల్ కొట్టిన మియా భూటా భారత మూలాలున్న అమ్మాయే. ఫోన్‌లో స్కోరు చూసి మా అన్న, "ఎనిమిది గోల్స్ తిన్న టీమ్‌ను చూసేకి వెయ్యి కిలోమీటర్లు పోతారా?" అన్నాడు. పిల్లలిద్దరూ పలకలేదు. పొద్దున చూస్తే బ్యాగులు సర్దేసి ఉన్నాయి.

ప్రశాంతి మన సీమవాళ్లకు మంచి బండి. బెంగళూరు నుంచి వచ్చి అనంతపురం, గుత్తి, డోన్, నంద్యాల, గుంటూరు, విజయవాడ, విశాఖ మీదుగా ఎక్కడా మారే పని లేకుండా భువనేశ్వర్‌లో దింపుతుంది. కానీ ఒక రోజుకు పైనే పడుతుంది. సాయంత్రం ఎక్కితే మళ్లీ సాయంత్రానికే దిగడం. మా వదిన కట్టిచ్చిన చిత్రాన్నం రాత్రికి, నిప్పట్లు, చెనిక్కాయ ఉండలు మరుసటి రోజుకు. విజయవాడ దాటాక బాత్రూముల సంగతి చెప్పకపోవడమే మేలు.

భువనేశ్వర్‌లో రూము స్టేషన్ ఎదురుగా, మాస్టర్ క్యాంటీన్ చౌరస్తా దగ్గర తీసుకున్నాను. ఇదొక్కటే నేను ముందే ఆలోచించి చేసిన మంచి పని. స్టేడియం పక్కన నయాపల్లి వైపు హోటళ్లు ఇంకా బాగుంటాయి కానీ రేట్లు రెట్టింపు చెప్పారు. మాకు దొరికింది చిన్న లాడ్జి, మూడు మంచాల గది, రోజుకు 1,400. దుప్పట్లు శుభ్రం, వేడినీళ్లు బకెట్ లెక్కన. కింద రిసెప్షన్‌లో రాత్రి మనిషి మేలుకొని ఉంటాడా అని అడిగి మరీ దిగాను. ఉన్నాడు. ఆడవాళ్లతో పోయేవాళ్లు ఏసీ ఉందా అని కాదు, ఈ ప్రశ్నే ముందు అడగాలి.

అక్టోబర్ 14న రెండు మ్యాచ్‌లు. సాయంత్రం నాలుగున్నరకు బ్రెజిల్, అమెరికా. ఎనిమిదికి భారత్, మొరాకో. పోవడానికి మో బస్ ఎక్కాం. అప్పట్లో ఆ ఊరి సిటీ బస్సు పేరది, 'మో' అంటే ఒడియాలో 'నా' అని. మేమెక్కిన దాంట్లో కండక్టర్ అమ్మాయే. మా చేతిలో జెండా చూసి నవ్వి, దిగాల్సిన చోట పిలిచి మరీ దింపింది. గేటు దగ్గర మాత్రం నీళ్ల సీసాలు, తినుబండారాలు లోపలికి పోనివ్వలేదు. మిగిలిన చెనిక్కాయ ఉండల డబ్బా అక్కడే వదిలేయాల్సి వచ్చింది. లోపల నీళ్లకు, సమోసాకు లైను పొడుగు. పిల్లలు టోర్నీ బొమ్మ ఇభతో ఫోటోకు ఇంకో లైను. ఆడ సింహానికి ఆ పేరు పెట్టారు.

బ్రెజిల్, అమెరికా 1-1తో తేలాయి. మూడు రోజుల కింద మన మీద ఎనిమిది కొట్టిన అమెరికాను బ్రెజిల్ ఎట్లా ఆపిందో మా లెఫ్ట్ బ్యాక్ కళ్లార్పకుండా చూసింది. తర్వాత మనవాళ్లు దిగారు. స్టేడియం అంతా "ఇండియా ఇండియా" అని ఒకటే అరుపు. సగం ఆట వరకు 0-0. అదే నా ట్రిప్పు మొత్తంలో బాగున్న ముప్పావుగంట. రెండో సగం మొదట్లోనే మొరాకోకు పెనాల్టీ ఇచ్చారు. చివరికి 3-0తో మొరాకో గెలిచింది. ఆ దేశానికి ఈ ప్రపంచ కప్‌లో ఆడటమే మొదటిసారి.

మన కెప్టెన్ అస్తం ఒరావ్‌ది జార్ఖండ్‌లో గుమ్లా జిల్లా. ఆ అమ్మాయి టీమ్‌కు ఎంపికైందని వాళ్ల ఊరికి రోడ్డు వేయిస్తే, ఆ రోడ్డు పనికి వాళ్ల అమ్మానాన్నలే కూలికి పోయారని పేపర్లలో వచ్చింది. స్టేడియంలో ఆ మాట నేను చెబితే మా గోల్‌కీపర్ పిల్ల "మా అమ్మ కూడా పోతుంది కదా అత్తా పనికి" అంది, పెద్ద విశేషమేమీ కానట్టు. ఉపాధి హామీ దేశంలో మొదలైందే 2006లో మా జిల్లా బండ్లపల్లిలో. ఆ పిల్లకు విశేషం ఎందుకవుతుంది!

సరే, అసలు ప్రశ్న. మ్యాచ్ అయ్యి గేటు దాటేసరికి పదింబావు. బస్సులు ఉన్నాయి కానీ కాలు పెట్టే సందు లేదు. ఆటోవాళ్లు మూడు రెట్లు అడిగారు. ఒకాయన మా మాటలు విని "ఎక్కడికమ్మా?" అన్నాడు తెలుగులో. బరంపురం ఆయన. యాస శ్రీకాకుళం వైపుది. నూట యాభైకి లాడ్జి గుమ్మంలో దింపాడు. దారంతా దీపాలు, రోడ్డు మీద జనం. భయమన్న మాటే తోచలేదు. రాత్రి రూముకు చేరే విషయంలో భువనేశ్వర్‌కు నేను పదికి ఎనిమిది ఇస్తాను. తగ్గించిన రెండూ ఆ ఆటో బేరానికి.

మరుసటి రోజు లింగరాజ గుడి, ఉదయగిరి గుహలు. ఉదయగిరి అనగానే మనకు నెల్లూరు జిల్లా కోట గుర్తొస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు దాన్ని గెలుచుకున్నది ఈ ఒడిశా గజపతుల దగ్గరే. ఈ మాట చెబితే మేనకోడలు "స్కోరెంత?" అని అడిగింది. రోడ్డు పక్క దహీ బరా ఆలూదమ్ తప్పకుండా తినండి. పెరుగు వడ మీద ఆలుగడ్డ కూర పోసిస్తారు. మొదట ఇదేం కలయిక అనిపిస్తుంది, రెండో ప్లేటు అడిగి తీసుకుంటాం. హోటల్ భోజనం మాత్రం మన నోటికి చప్పన. ఊరగాయ సీసా పట్టుకుపోండి.

తెల్లవారుజామునే ప్రశాంతి ఎక్కి ఇంటికొచ్చాం. మేము వచ్చాక మనవాళ్లు బ్రెజిల్‌తో 5-0తో ఓడారు. మూడు ఆటల్లో పదహారు గోల్స్ ఇచ్చి, ఒక్కటీ కొట్టలేదు. ఇంతటితో అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు, ఎందుకంటే స్పెయిన్ ఫైనల్‌కు వచ్చింది. అనంతపురంలో స్పెయిన్ అంటే ఫుట్‌బాల్ కంటే ముందు ఉత్తరాలు. 1969లో స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ గారు ఇక్కడ ఆర్‌డీటీ అనే సేవాసంస్థ మొదలుపెట్టారు కదా, పల్లెల్లో ఎంతమంది పిల్లలకో స్పెయిన్‌లో దాతలున్నారు. మా గోల్‌కీపర్ పిల్ల వాళ్లమ్మకు చిన్నప్పుడు అట్లాంటి ఉత్తరాలు వచ్చేవి. ఆ అమ్మే నా దగ్గరికొచ్చి "ఆ దేశమోళ్లు ఆడతావున్నారంట, మళ్లా తీసుకుపోతావా?" అంది. కాదనలేకపోయాను.

సెమీఫైనల్స్ గోవాలో, మడ్గావ్ ఫతోర్దా స్టేడియంలో జరిగాయి. గుంతకల్లు నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్ నేరుగా మడ్గావ్‌కు పోతుంది, కాబట్టి మూడు ఊళ్లలోనూ మనకు సులువైనది గోవానే. కానీ దీపావళి వారం కావడంతో రూము రేట్లు చూసి మానుకున్నాను.

ముంబైకి ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్. అర్ధరాత్రి అనంతపురంలో ఎక్కితే మర్నాడు సాయంత్రానికి కల్యాణ్. అక్కడ దిగి లోకల్‌లో ఠాణే, ఠాణేలో ట్రాన్స్ హార్బర్ లైను మారి నేరుల్. సామానుతో సాయంత్రం పూట లోకల్ ఎక్కడం మాత్రం శిక్షే. ఏడున్నరకు లాడ్జికి చేరితే కౌంటర్ దగ్గర అబ్బాయి "మీ పేరున బుకింగే లేదు" అన్నాడు. డబ్బు కట్టిన మెసేజ్ చూపిస్తే, అది యాప్‌వాళ్ల తప్పు, మాకు సంబంధం లేదన్నాడు. యాప్‌వాళ్లకు ఫోన్ చేస్తే లాడ్జివాళ్ల తప్పన్నారు. గంటసేపు ఆ మెట్ల మీదే కూర్చున్నాం. చివరికి సాన్‌పాడా దగ్గర ఇంకోచోట దొరికింది. గది సైజు మా వంటింటంత, అద్దె 2,800. మొదటి డబ్బు తిరిగి రావడానికి మూడు వారాలు పట్టింది. బుక్ చేశాక లాడ్జికి నేరుగా ఫోన్ చేసి ఒక మాట అడగండి. నేను అడగలేదు.

30వ తేదీ ఆదివారం డీవై పాటిల్ స్టేడియం. కుర్చీలు, బాత్రూములు, లోపలికి పంపే పద్ధతి అన్నీ భువనేశ్వర్ కంటే మెరుగు. మూడో స్థానం మ్యాచ్‌లో నైజీరియా 3-0 ముందుండి, జర్మనీ 3-3 చేస్తే, పెనాల్టీల్లో మళ్లీ నైజీరియానే గెలిచింది. ఆ పెనాల్టీలప్పుడు మా గోల్‌కీపర్ కుర్చీలో లేదు, మెట్ల మీద మోకాళ్లు వంచి చేతులు చాపి నిలబడింది. వెనకవాళ్లు కూర్చోమని కేకలేసినా వినలేదు.

ఫైనల్ స్పెయిన్, కొలంబియా. గోల్ లేకుండానే ఎనభై నిమిషాలు దాటింది. 82వ నిమిషంలో బంతి కొలంబియా అమ్మాయి కాలికే తగిలి వాళ్ల గోల్‌లో పడింది. 1-0తో కప్ స్పెయిన్‌ది. ఆ అమ్మాయి పేరు నేను రాయను.

పది దాటాక బయటికొస్తే జనమంతా నేరుల్ స్టేషన్ వైపే నడుస్తున్నారు, మేమూ వాళ్లతోనే నడిచాం. లోకల్‌లో ఆడవాళ్ల పెట్టె ఎక్కాం. లోపల తుపాకీ పట్టుకున్న పోలీసు ఒకాయన కూర్చొని ఉన్నాడు, రాత్రి పూట ఆడవాళ్ల పెట్టెల్లో ఉంటారట. ఎదురు సీట్లో ఒకామె డ్యూటీ దిగి వస్తూ కొత్తిమీర కట్టలు తుంచుకుంటోంది. పదకొండు గంటలకు, బండిలో! అయిదో పదో రూపాయల టికెట్‌తో, ఎవరితోనూ బేరం లేకుండా రూముకు చేరాం. లాడ్జి విషయంలో ముంబైకి నేను పదికి మూడు కూడా వేయను, రాత్రి రూముకు చేరడంలో మాత్రం తొమ్మిది.

మర్నాడు ఉద్యాన్‌లోనే తిరుగు ప్రయాణం. తెల్లవారుజామున మూడింటికి అనంతపురం దిగాం. స్టేషన్ బయట రెండే ఆటోలు. రెండు కిలోమీటర్లకు మూడు వందలన్నారు. అన్న స్కూటర్ మీద వచ్చి ఇద్దరు పిల్లలనూ ముందు తీసుకుపోతానన్నాడు.

"గోల్ కొట్టింది ఎవరు?" అని అడిగాడు స్కూటర్ తిప్పుతూ.

"కొలంబియా అమ్మాయి" అంది మేనకోడలు.

"మరి గెలిచింది స్పెయిన్ అంటివే?"

"చెప్తా పద నాయనా" అని ఎక్కి కూర్చుంది. దాని వెనక గోల్‌కీపర్ పిల్ల, బ్యాగు ఒళ్లో పెట్టుకొని, "ఆ యమ్మి ఎంత ఏడ్చిందో మామా" అంటోంది. స్కూటర్ మలుపు తిరిగింది. వాళ్లను దింపి మళ్లీ వచ్చేదాకా నేను టికెట్ కౌంటర్ దగ్గర లైటు కిందే నిలబడ్డాను.