పదహారేళ్లకు ఎల్ఎల్ఆర్ వచ్చింది, నడిపే బండే దొరకలేదు

మా పాపకు జూన్‌లో పదహారు నిండాయి. ఇంటర్ ఫస్టియర్. కాజీపేట నుంచి హన్మకొండలో కాలేజీకి పోవాలి. "అమ్మా, క్లాసులో సగం మంది స్కూటీల మీదే వస్తున్నారు" అని రోజూ ఒకటే పోరు. లైసెన్స్ లేకుండా బండి తాళం ఇవ్వనన్నాను. అయితే లైసెన్సే తీసుకుంటానంది.

పదహారేళ్లకు లైసెన్స్ ఇచ్చే మాట నిజమే. గేర్ లేని బండికి, తల్లో తండ్రో ఒప్పుకుంటూ సంతకం పెడితే ఇస్తారు. ముందు ఎల్ఎల్ఆర్, అంటే లెర్నర్ లైసెన్స్ తీసుకోవాలి. దానికి స్లాట్ బుక్ చేయించి, ఆధార్, టెన్త్ మెమో పట్టుకొని ఇద్దరం పోయాం. పరీక్ష కంప్యూటర్ మీద, తెలుగులోనే. 20 ప్రశ్నల్లో 12 సరిగ్గా చెప్తే పాస్. పావుగంట కూడా పట్టలేదు. పాపకు 17 వచ్చాయి. నో పార్కింగ్ బోర్డుకు ఒక అడ్డగీత, బండి అసలు ఆపొద్దనే బోర్డుకు రెండు గీతలు. ఆ రెండింటి దగ్గర తడబడ్డానని బయటికి వచ్చి చెప్పింది. అప్పటి నుంచి బస్సులో కూర్చున్నా బోర్డులే చూస్తుంది. ఇంతవరకు నాకు చాలా నచ్చింది, ఐదుకు ఐదు ఇస్తాను.

తిప్పలు తర్వాత మొదలయ్యాయి. స్లాట్ బుక్ చేసిన నెట్ సెంటర్ అతను "ఎల్ఎల్ఆర్ ఉంది కదక్కా, ఇంక ఏ స్కూటీ అయినా నడపనీయండి" అన్నాడు. దయచేసి ఈ మాట ఎవరూ నమ్మొద్దు. పదహారేళ్ల వాళ్ల లైసెన్స్ 50 సీసీ దాటని ఇంజిన్‌కే. యాక్టివా 110 సీసీ. దాని మీద పోతే చేతిలో ఎల్ఎల్ఆర్ ఉన్నా లేనట్టే. 2019లో చట్టం మార్చాక మైనర్ చేతికి బండి ఇచ్చిన తల్లిదండ్రులకు 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పిల్లకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఉండదు. ఏ బండికి లైసెన్స్ ఉందో ఆ బండే నడిపితేనే ఇవేవీ వర్తించవు.

అప్పుడు మా మామగారి టీవీఎస్ ఎక్స్ఎల్ సూపర్ గుర్తొచ్చింది. ఇంటి వెనక రేకుల కింద ఉంది. చిన్న బండే కదా, ఇది నడుస్తుందనుకున్నాం. పాప సీటు మీది దుమ్మంతా తుడిచింది. నేను బీరువాలోంచి ఆర్‌సీ తీసి, కుట్టు మిషన్ లైటు కింద పెట్టి చదివాను. ఇంజిన్ సీసీ 69.9. పాప మళ్లీ ఒకసారి వేలు పెట్టి చదివింది. ఏం మాట్లాడకుండా బట్ట మడిచి లోపలికి పోయింది. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఇప్పుడు షోరూముల్లో 50 సీసీ పెట్రోల్ బండ్లు కనపడవు. 250 వాట్లకు, గంటకు 25 కిలోమీటర్లకు మించని ఎలక్ట్రిక్ బండికి లైసెన్సే అక్కర్లేదు. అదీ చూశాం. కానీ ఫాతిమానగర్ బ్రిడ్జి మీద వెనక ఆర్టీసీ బస్సు హారన్ కొడుతుంటే అంత నెమ్మదిగా పోయే బండి మీద పిల్లను పంపడానికి నాకు ధైర్యం చాలలేదు.

పిల్లల కోసం ఎల్ఎల్ఆర్‌కు పోయేవాళ్లు ముందు బండి చూసుకోండి, ఆర్‌సీలో సీసీ చదవండి, ఆ తర్వాతే స్లాట్. మేం తిరగేసి చేశాం. ఎల్ఎల్ఆర్ ఆర్నెల్లే ఉంటుంది, అందులో రెండు నెలలు అయిపోయాయి. పాప ప్రస్తుతం మహాలక్ష్మి జీరో టికెట్‌తో బస్సులోనే పోతోంది.

హన్మకొండ, పరకాల, హుజూరాబాద్ వైపు ఎవరి దగ్గరైనా పాత టీవీఎస్ 50, ఆర్‌సీ రెన్యువల్ అయి ఉన్నది అమ్మేదుంటే ఇక్కడ రాయండి. రంగు ఏదైనా పర్వాలేదంటోంది పాప.