ఇండోర్ స్విమ్మింగ్ పూల్‌తో ఏడేళ్లు: పైనుంచి కారింది వాననీరు కాదు

మియాపూర్ దగ్గర మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఇండోర్ పూల్ ఉంది. 15 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, నీళ్లు ఏడాది పొడవునా 29 డిగ్రీలు. 2018లో ఫ్లాట్ కొన్నది సగం ఈ పూల్ చూసే. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, డాక్టర్ నీళ్లలో నడవమన్నారు, పైగా ఆడవాళ్లకు వేరే బ్యాచ్ పెడతామన్నారు. అప్పటినుంచి వారానికి నాలుగు రోజులు వెళ్తున్నాం, మధ్యలో రెండేళ్లు అసోసియేషన్ కమిటీలో ఉండి దీని రిపేర్లు కూడా నేనే చూశాను. ఇండోర్ పూల్ ఉందని ఇల్లు కొనేవాళ్లకు, కట్టించేవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

2018 డిసెంబర్‌లో ఒక పొద్దున అమ్మ నీళ్లలో నడుస్తుంటే వీపు మీద చల్లగా చుక్క పడింది. తలెత్తి చూస్తే ఫాల్స్ సీలింగ్‌లో లైటు చుట్టూ టీ మరకలా గోధుమరంగు వలయం, పక్కనే తుప్పు పట్టిన స్క్రూ తలకు ఇంకో చుక్క వేలాడుతోంది. పైన రేకుల కప్పు కాబట్టి రేకు లీకవుతోందన్నారు, రెండుసార్లు వాటర్‌ప్రూఫింగ్ చేయించాం, డబ్బు పోయింది, చుక్కలు ఆగలేదు. అసలు ఆ నెలలో వానే లేదు! ఆరింటికి కారేది పదింటికల్లా ఆగిపోయేది. అక్కడే నాకు అనుమానం వచ్చింది.

ఫ్రిజ్‌లోని నీళ్లు స్టీలు గ్లాసులో పోస్తే బయట చెమట పడుతుంది కదా, మా కప్పుకి జరిగింది అదే. హాల్లో గాలి 30 డిగ్రీలు, తేమ 85 శాతం దాకా ఉండేది, అలాంటి గాలి 27 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న దేన్ని తాకినా నీరైపోతుంది. చలికాలం రాత్రి రేకు బయటి గాలి కన్నా కూడా చల్లబడుతుంది. లైట్ల కోసం కోసిన రంధ్రాల్లోంచి, జిప్సమ్ బోర్డు అతుకుల్లోంచి ఆవిరి పైకి వెళ్లి, రేకు అడుగున నీరై, బోర్డు మీద పడి, మెత్తబడ్డ చోటునుంచి కిందికి దిగేది. ఎండెక్కి రేకు వేడెక్కితే ఆగేది.

ఇది అర్థం కాకముందు చేసినవన్నీ తప్పులే. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టాం, చలికాలంలో, ఎండాకాలంలో కొంత నయమే గానీ జూలై, ఆగస్టులో బయటి గాలే తడిగా ఉంటే అది లోపలికొచ్చి ఏం ఆరబెడుతుంది? తర్వాత ఎవరో చెప్పారని స్ప్లిట్ ఏసీలు బిగించాం. గాలి నీళ్ల కన్నా చల్లబడేసరికి నీళ్లు ఇంకా ఎక్కువ ఆవిరయ్యాయి, స్నానం చేసి వచ్చినవాళ్లు వణికిపోయారు, ఏడాదిలో ఏసీ కాయిల్స్ తుప్పు పట్టి పోయాయి. గాలి ఎప్పుడూ నీళ్ల కన్నా ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా ఉండాలి. ఆపైన 2020 లాక్‌డౌన్. తలుపులు మూసి, మెషీన్లు ఆపి, నీళ్లు మాత్రం నిండుగా వదిలేశాం. ఎవరూ దిగకపోయినా నీళ్లు ఆవిరవుతూనే ఉంటాయి, తెరిచేసరికి గోడలన్నీ నల్లటి బూజు.

2021లో అసలు పని చేశాం. ఫాల్స్ సీలింగ్ పూర్తిగా తీసేసి, రేకుల బదులు పఫ్ ప్యానెళ్లు (రెండు రేకుల మధ్య ఫోమ్ నింపినవి) వేసి, అతుకులన్నీ లోపలి వైపునుంచి బ్యూటైల్ టేప్‌తో, అంటే రబ్బరులాంటి జిగురు టేప్‌తో మూయించాం. ఆవిరిని ఆపే పొర వెచ్చటి వైపే ఉండాలి, బయటి వైపు వేస్తే తేమ మధ్యలో చిక్కుకుని కుళ్లబెడుతుంది. దానితోపాటు పూల్ డీహ్యూమిడిఫైయర్, అంటే గాలిలోని తేమను నీరుగా లాగేసే మెషీన్ పెట్టాం. నాలుగేళ్లుగా తేమ 55 నుంచి 60 శాతం మధ్య ఉంటోంది, పైనుంచి ఒక్క చుక్క పడలేదు. ఒకసారి దాని డ్రెయిన్ పైపు కింద 20 లీటర్ల బకెట్ పెట్టి చూశాను, రెండున్నర గంటల్లో నిండింది. ఆ నీళ్లన్నీ ఇదివరకు మా కప్పులోకే వెళ్లేవి! ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 0.68 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి తీసుకుపోతుంది, మెషీన్ ఆ వేడిని పట్టి మళ్లీ పూల్ నీళ్లకే ఇస్తుంది, అందుకే హీటర్ తక్కువ తిరుగుతోంది.

మెషీన్ కన్నా నాకు నచ్చింది గాలి ఒత్తిడి సరిచేయడం. అంతకుముందు కారిడార్ అంతా క్లోరిన్ వాసన, లిఫ్ట్ తలుపులకూ తుప్పు. పూల్ తలుపు సందు దగ్గర అగరుబత్తి వెలిగించి పట్టుకుంటే పొగ కారిడార్‌లోకి వచ్చేది. ఇప్పుడు హాల్లోకి పంపే గాలి కన్నా బయటికి తీసే గాలి కొంచెం ఎక్కువ, పొగ లోపలికి వెళ్తుంది, వాసన అక్కడే ఆగింది. తలుపులకు డోర్ క్లోజర్లు తప్పనిసరి, పిల్లలు ఇటుక అడ్డం పెట్టి తెరిచి ఉంచితే ఈ కష్టమంతా వృథా.

ఫాల్స్ సీలింగ్ వద్దని నేను పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. స్విట్జర్లాండ్‌లోని ఉస్టర్‌లో 1985 మేలో ఇండోర్ పూల్ కాంక్రీటు సీలింగ్ కూలి 12 మంది చనిపోయారు. దాన్ని వేలాడదీసిన స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీలు క్లోరిన్ కలిసిన తేమకు లోలోపల చిట్లిపోయాయి. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు రాదని నమ్మి వదిలేయకండి. మా పూల్ నిచ్చెనలో నీళ్లలో మునిగి ఉండే మెట్లు మెరుస్తూనే ఉన్నాయి, పైన ఎవరూ కడగని బోల్టులకే మచ్చలు వచ్చాయి. ఇప్పుడు నెలకోసారి మంచినీళ్లతో కడిగిస్తున్నాం.

లోపాలూ చెప్పాలి. మెషీన్ రెండో ఏడాదే కాయిల్ లీకైంది, వానాకాలంలో రెండు వారాలు ఆగిపోయింది, ఆ రెండు వారాలు నాకు ఒకటే టెన్షన్. తుప్పు పట్టకుండా ఎపాక్సీ కోటింగ్ ఉన్న కాయిల్ ముందే అడగాల్సింది. చప్పుడు కూడా ఎక్కువే. అద్దాల విషయంలో డబ్బు సరిపోక ఉత్తరం వైపే డబుల్ గ్లాస్ వేశాం, తూర్పు వైపు ఒంటి అద్దం అలాగే ఉంది. కింది నుంచి అద్దం మీదికి వెచ్చటి గాలి వచ్చేలా డక్ట్ పెట్టినా జనవరి తెల్లవారుజామున బయట 15 డిగ్రీలున్నప్పుడు దాని అడుగున అల్యూమినియం ఫ్రేమ్ వెంబడి నీళ్లు నిలుస్తాయి. మా పూల్ అబ్బాయి రోజూ తుడుస్తాడు.

రాత్రి నీళ్ల మీద కవర్ పరచడం మాత్రం 2018లోనే మొదలుపెట్టాల్సింది. అన్నిటికన్నా చవకైంది అదే, మేం అన్నిటికన్నా ఆలస్యంగా చేసిందీ అదే. పది నిమిషాల పని, ఇద్దరు మనుషులు చాలు. తెల్లారి కవర్ తీసేటప్పుడు దాని అడుగంతా చెమట పట్టి ఉంటుంది, పైన గాలి పొడిగా ఉంటుంది. అమ్మ ఇప్పుడు ఆరింటి బ్యాచ్‌కే వెళ్తోంది, పైనుంచి చుక్కలు పడవు కాబట్టి తలకు టోపీ కూడా పెట్టుకోవడం మానేసింది.