పాల సెంటర్లో నాలుగేళ్ళు: గ్రాఫుల ఆటో స్కేల్ మీద నా సమీక్ష

గ్రాఫ్ గీసేటప్పుడు నిలువు గీత మీద అంకెలు ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో సాఫ్ట్‌వేరే లెక్కగట్టుకుంటుంది కదా, నేను రాస్తున్నది ఆటో స్కేల్ అనే ఆ ఒక్క సదుపాయం గురించే. స్ప్రెడ్‌షీట్‌లో మిగతావన్నీ అందరికీ తెలిసినవే. నాలుగేళ్ళుగా దాన్ని వాడుతున్నాను, రెండేళ్ళుగా దాని మీద కోపంగా ఉన్నాను.

మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, ఆంధ్రా. ఊళ్ళో పాల సెంటర్ లెక్కలు నేనే చూస్తాను. పాలు పోసేవాళ్ళు ముప్పై మంది లోపే. వాళ్ళలో ఒడియా చదివేవాళ్ళు కొందరు, తెలుగు చదివేవాళ్ళు కొందరు, ఏదీ రానివాళ్ళు ఇంకొందరు. అందుకే నెల తిరగ్గానే ఒక్కొక్కరి పాలలో ఫ్యాట్ (వెన్న శాతం, డబ్బు దాన్ని బట్టే) వారానికో బార్, అంటే నిలువు పట్టీ, చొప్పున గీసి గోడకు అంటించేవాణ్ణి. బార్ పొడుగు చూడ్డానికి ఏ భాషా రానక్కర్లేదు.

మొదటి ఏడాది ఆటో స్కేల్‌ని పొగడని రోజు లేదు. అంకెలు కొట్టి ఒక్క నొక్కు నొక్కితే చాలు, గుర్తులన్నీ 0.1, 0.2, 0.5 లాంటి గుండ్రటి అంకెల మీదే పడేవి. పక్క ఊరి సెంటర్ వాళ్ళకి కూడా నేనే నేర్పాను.

రెండో ఏడు వానాకాలంలో ఒక పెద్దావిడ పాలలో ఫ్యాట్ నాలుగు వారాల్లో 4.4, 4.3, 4.2, 4.0 వచ్చింది. ఒకే ఆవు, నెలలో 0.4 తగ్గింది. మామూలు హెచ్చుతగ్గే. నేను చూడకుండానే ప్రింట్ తీసి అంటించేశాను. మర్నాడు పొద్దున్నే క్యాన్ కింద పెట్టకుండా ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"బాబూ, నానేటి నీళ్ళు కలిపీసినానా? ఇలా గోడకెక్కించీసినావేటి?"

"లేదు పెద్దమ్మా, అంకెలు బాగానే ఉన్నాయి, చూడు" అన్నాను.

"అంకెలు నాకేటి తెలుస్తాయి? నాది పొట్టిగా అయిపోనాదని అందరూ అంటన్నారు."

అప్పుడు చూశాను కాగితాన్ని. కింద గీత సున్నా కాదు, 3.8. పైన 4.5. మొదటి వారం బార్ ఆరు గళ్ళ ఎత్తు, నాలుగో వారం బార్ రెండు గళ్ళు. పాలలో తగ్గింది పదోవంతు కూడా లేదు, గోడ మీద మాత్రం మూడోవంతే మిగిలింది. చదువు రానివాళ్ళు దాన్ని సరిగ్గానే చదివారు. తప్పు చెప్పింది కాగితం. ఆవిడ మూడు రోజులు పాలు పొయ్యలేదు. ఇంటికి వెళ్ళి బతిమాలి తెచ్చుకున్నాను.

నన్ను ఎక్కువ బాధపెట్టింది తర్వాతి నెల. ఇంకొకాయన ఆవు పాలు 4.4, 4.3, 4.0, చివరి వారం 3.6. ఇది నిజమైన తగ్గుదల. కానీ ఆయన బార్లు నాలుగూ ఇంచుమించు ఒకే ఎత్తులో కనిపించాయి, ఎందుకంటే ఈసారి సాఫ్ట్‌వేర్ సున్నా నుంచి మొదలుపెట్టింది. ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. ఇంట్లో ఎండుగడ్డి అయిపోయి ఒట్టి పచ్చిగడ్డే వేస్తున్నారని ఇంకో ఇరవై రోజులకు గాని తెలియలేదు. పీచు తగ్గితే ఫ్యాట్ పడిపోతుందని మా సెంటర్లో అందరికీ తెలుసు. గ్రాఫ్ చూపించి ఉంటే ఆ వారమే అడిగేవాళ్ళం. ఆ ఇరవై రోజుల డబ్బు ఆయనకు పోయినట్టే.

ఎందుకిలా అని కూర్చుని వెతికితే దాని నియమం దొరికింది. అన్నిటికంటే పెద్ద అంకెకీ చిన్న అంకెకీ తేడా, పెద్ద అంకెలో ఆరోవంతు దాటితే సున్నా నుంచి మొదలు. దాటకపోతే ఆ తేడాలో సగాన్ని చిన్న అంకెలోంచి తీసేసి అక్కణ్ణుంచి మొదలు. పెద్దావిడకు తేడా 0.4, ఆరోవంతు దాటలేదు. 4.0 లోంచి 0.2 తీస్తే 3.8. రెండో ఆయనకు 0.8, దాటింది, కాబట్టి సున్నా. అంటే తేడా చిన్నదైతే పెద్దగా, పెద్దదైతే చిన్నగా కనిపించింది. బార్లు కాకుండా గీతగా గీసే గ్రాఫ్‌కి ఈ నియమం పనికొస్తుంది, ఎందుకంటే అందులో మనం చూసేది వంపు. బార్‌లో చూసేది పొడుగు. పొడుగు కింది నుంచి కొలవాలి, కింద అంటే సున్నా.

ఇక గుండ్రటి అంకెల సంగతి. దాన్ని పొగిడానని చెప్పాను, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ అది వేరే లెక్క. కంప్యూటర్ గ్రాఫిక్స్ నిపుణుడు పాల్ హెక్‌బర్ట్ 1990లో అచ్చు వేసిన చిన్న పద్ధతి ఉంది: మొత్తం తేడాని కావలసిన గళ్ళతో భాగించి, వచ్చినదాన్ని 1, 2, 5, లేదా వాటి పదింతలకో పదోవంతుకో సర్దడం. కాగితం మీద నేనే చేసి చూశాను. 4.03 నుంచి 4.41 దాకా అంకెలు ఉంటే, ఐదు గుర్తులు కావాలంటే, గడి 0.1 అయింది, గీత 4.0 నుంచి 4.5 దాకా వచ్చింది. ఎంత చక్కగా కుదిరిందో! కానీ ఆ లెక్కలో సున్నా ఊసే లేదు. గుర్తులు ఎక్కడ పడాలో అది చెబుతుంది, గీత సున్నా నుంచి మొదలవ్వాలా లేదా అన్నది మాత్రం మనిషే చెప్పాలి. నేను ఆ రెండూ ఒకటే అనుకున్నాను.

ఇప్పుడు యాక్సిస్ (ఆ నిలువు గీత) సెట్టింగుల్లో కింద 0, పైన 6 అని నేనే కొడతాను. దీనిక్కూడా ఒక చిక్కొచ్చింది. ఒకరు గేదెను కొన్నారు, ఫ్యాట్ 7.2. బార్లన్నీ పైగీతకు తగిలి తెగిపోయి సమానంగా నిలబడ్డాయి. గేదెలకు 10 దాకా వేరే షీట్ పెట్టాను. కొత్తగా గ్రాఫ్ పెడితే సెట్టింగ్ మళ్ళీ ఆటోకి వెళ్ళిపోతుంది కాబట్టి, పాత నెల షీట్‌నే కాపీ చేసి అంకెలు మారుస్తాను.

మా అన్నయ్య కొడుకు గ్రాఫులు గీసే గ్నూప్లాట్ (gnuplot) పెట్టి ఇచ్చాడు. అది 1986 నుంచీ ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో set yrange [0:*] అని ఒక్క వరస రాస్తే కింద సున్నాకి కట్టేసి, పై హద్దు మాత్రం దానికే వదిలేస్తుంది. నాకు కావలసింది సరిగ్గా అదే. కానీ కమాండ్లు టైప్ చెయ్యాలి, పొద్దున్న క్యాన్లు వచ్చే వేళ నాకు అది కుదరదు.

ఆటో స్కేల్ వాడొద్దని నేను అనను. ఒక్క గ్రాఫ్ గీసి, తనే చూసుకుని, తీసేసేవాళ్ళకి అది హాయి. జ్వరం చార్ట్‌కి సున్నా పెడితే ఏమీ కనిపించదు. నా సంగతి వేరు: ప్రతి నెలా అదే గోడ, అవే కళ్ళు, పాత కాగితం పక్కనే కొత్త కాగితం. ఫ్యాట్‌ని బట్టే డబ్బు. ఇలాంటిచోట మాత్రం ప్రింట్ నొక్కే ముందు కింది అంకె ఒక్కసారి చూడండి.