ఫౌజీ ఓటు: బ్యాలెట్ ఆన్‌లైన్‌లో వస్తుంది, ఓటు పోస్టులో పోతుంది

ఈటీపీబీఎస్ అంటే బయట చాలామందికి తెలియదు. ఎన్నికల టైములో ఆర్మీ యూనిట్ ఆఫీసులో క్లర్కుగా కూర్చున్నవాడైతే నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. సైనికులకు పోస్టల్ బ్యాలెట్‌ని కంప్యూటర్ ద్వారా పంపే పద్ధతి అది. మాది శ్రీకాకుళం జిల్లా. హవల్దార్ క్లర్కుగా చేసి ఈమధ్యే పెన్షన్ మీద వచ్చేశాను. 2019లోనూ, మళ్లీ 2023, 24లోనూ మా యూనిట్లో బ్యాలెట్లు దించి, ప్రింటు తీసి, జవాన్ల చేతికిచ్చి, వాళ్లు ఓటేశాక కవర్లన్నీ డాక్‌లో వేయించిన పని నాదే. నా ఓటూ అందులోనే వేశాను. ఈ పద్ధతికి ఐదుకి మూడు మార్కులిస్తున్నాను.

పాత పద్ధతి సంగతి తెలిస్తేగానీ ఈ మూడు మార్కులెందుకో అర్థం కాదు. అప్పట్లో నామినేషన్ల ఉపసంహరణ అయ్యాక రిటర్నింగ్ ఆఫీసరు బ్యాలెట్ అచ్చు వేయించి పోస్టులో పంపేవారు. అది రికార్డ్ ఆఫీసుకి, అక్కడి నుంచి యూనిట్‌కి, యూనిట్ నుంచి కొండ మీది కాపలా పోస్టుకి ఎక్కాలి. 99 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు) అడ్రసుతో అరుణాచల్‌లో ఉన్నవాడికి బ్యాలెట్ అందేసరికి ఊళ్లో కొత్త ఎమ్మెల్యేకి సన్మానాలు కూడా అయిపోయేవి. 2014 లోక్‌సభ ఎన్నికలకి దేశంలో 13 లక్షల పైచిలుకు సర్వీస్ ఓటర్లు, అంటే మాలా సర్వీసులో ఉండి పోస్టులో ఓటు వేసేవాళ్లు, ఉంటే ఓటు వేసినవాళ్లు 4 శాతం. పేరుకి హక్కు ఉంది, అంతే.

2016 అక్టోబరులో నిబంధనలు మార్చారు. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీ-డాక్ తయారు చేసిన ఈ పద్ధతిని ఆ నవంబరులోనే పుదుచ్చేరిలో నెల్లితోప్ ఉప ఎన్నికలో మొదటిసారి వాడి చూశారు. 2019 లోక్‌సభ ఎన్నికలకి దేశమంతా పెట్టారు. అప్పుడు 18 లక్షల మంది సర్వీస్ ఓటర్లలో 10 లక్షల 84 వేల మంది ఓట్లు తిరిగొచ్చాయి. అంటే 60 శాతం. నేనిచ్చిన మూడింటిలో రెండు మార్కులు ఈ అంకెకే.

ఊళ్లో బరిలో ఎవరెవరున్నారో తేలగానే రిటర్నింగ్ ఆఫీసరు బ్యాలెట్‌ని తాళం వేసిన ఫైలుగా అప్‌లోడ్ చేస్తారు. ఓటీపీ కొడితే ఫైలు దిగుతుంది, పిన్ కొడితే తెరుచుకుంటుంది. నెట్ ఉన్నచోట నిమిషాల పని. ఒక్కొక్కరికీ బ్యాలెట్ కాగితం, 13ఏ డిక్లరేషను, లోపలి కవరు మీద అతికించడానికి 13బి, బయటి కవరుకి 13సి, ఎలా వేయాలో చెప్పే 13డి వస్తాయి. ఆంధ్రావాళ్లకి పార్లమెంటుకో సెట్టు, అసెంబ్లీకో సెట్టు. ఇక్కడిదాకా వంక పెట్టడానికి లేదు.

అసలు పని ప్రింటరు దగ్గర మొదలవుతుంది. ఈ కాగితాల మీద క్యూఆర్ కోడ్‌లుంటాయి. కౌంటింగ్ రోజున ముందు బయటి కవరు మీది కోడ్ స్కాన్ చేస్తారు, తర్వాత డిక్లరేషను, లోపలి కవరు. ఒకే ఓటు రెండుసార్లు ప్రింటయి వచ్చిందేమో అక్కడ పట్టుకుంటారు. కాబట్టి ఆ నల్ల గళ్లు శుభ్రంగా పడాలి. మాకేమో కరెంటు జనరేటరు మీద, టోనరు అడుగంటింది. జిగురు చలికి గడ్డకట్టేది. సీసాని బుఖారీ (చలికి గది వేడిచేసే పొయ్యి) పక్కన పెట్టి, కరిగాక అంచులకి మాత్రం రాసి, కోడ్ మీద ముడత పడకుండా స్కేలుతో నొక్కేవాళ్లం. ఏసీ గదిలో ఈ పద్ధతి తయారు చేసినవాళ్లు కవరు మీద కాగితం అతికించే ఈ పని గురించి ఎంతసేపు ఆలోచించారో నాకు అనుమానమే. అచ్చయిన కవర్లే యూనిట్లకి ముందుగా పంపి, చిన్న స్టిక్కరు అంటించేలా చేస్తే సగం టెన్షన్ తగ్గేది.

జవాను వైపు నుంచి ఇంకో చిక్కు. ఫౌజ్‌లో ఏ కాగితం చేతికిచ్చినా నంబరు, ర్యాంకు, పేరు రాసి సంతకం పెట్టడం రక్తంలో ఇంకిపోయిన అలవాటు. బ్యాలెట్ మీద ఆ పని చేస్తే ఓటు చెల్లదు, ఎవరిదో తెలిసిపోయే గుర్తు ఏదీ దాని మీద ఉండకూడదు. సంతకం పెట్టాల్సింది 13ఏ మీద. దాన్ని కమాండింగ్ ఆఫీసరు గానీ, ఆయన నియమించిన ఆఫీసరు గానీ ధ్రువీకరించాలి. ఆ 13ఏ కూడా లోపలి కవరులో పెట్టి అంటించేస్తే మళ్లీ చిక్కే, అది బయటి కవరులో విడిగా ఉండాలి. పెన్ను తియ్యబోయిన ప్రతి కుర్రాడికీ "తమ్ముడూ, దీని మీద కాదు, దాని మీద" అని చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. 13డిలో అంతా రాసే ఉంటుంది. దాన్ని చదివినవాణ్ణి నేనైతే చూడలేదు.

రహస్యం మాటేంటని అడుగుతారు. ఆఫీసరు సంతకం డిక్లరేషను మీదే, బ్యాలెట్ ఎవరికీ చూపించక్కర్లేదు. మా సీవో (కమాండింగ్ ఆఫీసరు) సాబ్ పక్క స్టోరు గది ఖాళీ చేయించి, ఒక్కొక్కరినే పంపించారు. అన్ని యూనిట్లలోనూ అలా జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను. మామూలు బూత్‌లో అయితే అట్టపెట్టె అడ్డు ఉంటుంది, ఏజెంట్లుంటారు. ఇక్కడ ఏ ఏర్పాటైనా ఆఫీసరు మంచితనం మీదే.

ఇక నేను కోసిన రెండు మార్కుల్లో పెద్ద వాటా తిరుగు ప్రయాణానిది. బ్యాలెట్ ఎంత వేగంగా వచ్చినా, ఓటు మాత్రం కాగితం రూపంలోనే పోస్టులో పోవాలి. స్టాంపు అక్కర్లేదు, నిజమే. కానీ కౌంటింగ్ రోజు ఉదయం 8 గంటల్లోపు రిటర్నింగ్ ఆఫీసరు దగ్గరికి చేరాలి. ఈ గడువు లోక్‌సభ ఎన్నికల్లో పెద్దగా బాధించదు, ఎందుకంటే పోలింగ్ విడతలు విడతలుగా సాగుతుంది. 2019లో మన రెండు రాష్ట్రాలకీ ఉపసంహరణ గడువు మార్చి 28న, కౌంటింగ్ మే 23న. దాదాపు రెండు నెలలు. 2024లో ఏప్రిల్ 29 నుంచి జూన్ 4 దాకా, నెల దాటింది. అదే 2023 తెలంగాణ అసెంబ్లీ చూడండి. ఉపసంహరణ నవంబరు 15, కౌంటింగ్ డిసెంబరు 3. పద్దెనిమిది రోజుల్లో బ్యాలెట్ దిగాలి, ప్రింటు కావాలి, పైన పోస్టుల్లో ఉన్న కుర్రాడికి చేరాలి, వాడు వేసింది కిందికి దిగి తెలంగాణ చేరాలి. ఆ నవంబరులో మంచు పడి దారి మూసుకుపోతే మా డాక్ కదల్లేదు. కరీంనగర్ కుర్రాడొకడు రోజూ ఆఫీసు గుమ్మంలో నిలబడి "క్లర్క్ సాబ్, నా కవరు పోయిందా" అని అడిగేవాడు. మంచుకి ఏం చెప్పగలం? అందుకే 60 శాతం అన్నప్పుడల్లా నాకనిపిస్తుంది, అందులో సాఫ్ట్‌వేర్ గొప్పతనం ఎంత, ఆ రెండు నెలల వ్యవధి గొప్పతనం ఎంత అని.

కవరు చేరిందో లేదో మా కుర్రాళ్లలో ఎవరికీ కబురు రాలేదు. కౌంటింగ్ టేబుల్ మీద ఎలాగూ కోడ్ స్కాన్ చేస్తారు కదా, ఆ స్కాన్‌తోపాటే జవాను ఫోనుకి ఒక మెసేజ్ పోతే ఎంత హాయి. ఒక్కో ఓటుకీ ఇంత గోల ఎందుకనుకునేవాళ్లు 2019లో విజయవాడ సెంట్రల్ ఫలితం గుర్తు చేసుకోండి. 25 ఓట్ల తేడాతో తేలింది. ఒక ప్లటూన్ ఓట్లు కూడా కాదు.

పోస్టు మీద నమ్మకం లేనివాడికి ఇంకో దారి ఉంది, ప్రాక్సీ. 2003 నుంచీ ఉన్నదే. సైన్యంలోనూ, ఆర్మీ చట్టం వర్తించే దళాల్లోనూ ఉన్నవాళ్లు 13ఎఫ్ ఫారంలో తమ నియోజకవర్గంలో ఉండే ఒకరిని నియమించుకుంటే, ఆయన బూత్‌కి వెళ్లి వీళ్ల తరఫున ఓటు వేస్తాడు. అప్పుడు సిరా చూపుడు వేలికి కాదు, ఎడమచేతి మధ్యవేలికి పెడతారు. మా పక్క ఊరి లాన్స్ నాయక్ ఒకడు వాళ్ల అయ్యని పెట్టాడు. పోలింగ్ సాయంత్రం ఆయన వీడియో కాల్‌లో రెండు వేళ్లూ ఎత్తి చూపించాడు, ఒకటి తనది, ఒకటి కొడుకుది. కొడుకేమో ఒక పార్టీ, అయ్య ఇంకో పార్టీ. "చెప్పినదానికే వేశావా" అని అడిగితే ఆయన నవ్వి ఫోను వాళ్లమ్మకిచ్చేశాడు. ఆలస్యం లేని పద్ధతే, కానీ ఇంట్లో రాజకీయాలు కలవని వాళ్లకి నేను సిఫారసు చెయ్యను.

కొన్ని సంగతులు చాలామందికి ఆఖరి నిమిషంలో తెలుస్తాయి. సర్వీస్ ఓటరుగా పేరు చేరితే అది ఓటరు జాబితాలో చివరి భాగంలోకి పోతుంది. పోలింగ్ రోజున లీవు దొరికి ఊళ్లోనే ఉన్నా బూత్‌లో ఓటు వేయనివ్వరు. ఊళ్లో మామూలు ఓటూ, ఇదీ రెండూ ఉంచుకోవడం కుదరదు. భార్య మనతో క్వార్టర్లో ఉంటే ఆమె కూడా సర్వీస్ ఓటరే. 2021 సవరణతో సైన్యంలో ఉన్న మహిళల భర్తలకీ ఆ వీలు వచ్చింది. పద్దెనిమిదేళ్లు దాటిన పిల్లలకి లేదు. పీస్ స్టేషన్‌లో (సరిహద్దుకి దూరంగా, కుటుంబాన్ని ఉంచుకోగలిగే చోట) కుటుంబంతో ఉన్నవాళ్లు అక్కడే మామూలు ఓటరుగా చేరొచ్చు, కాకపోతే అప్పుడు ఓటు అక్కడి ఎమ్మెల్యేకే.

అమెరికాలోనూ గల్ఫ్‌లోనూ ఉన్న మనవాళ్లకి కూడా ఇదే పద్ధతి ఇవ్వాలని 2020లో ఎన్నికల సంఘం కేంద్రానికి రాసింది. అది ఇంకా అమలు కాలేదు, వాళ్లు విమానం ఎక్కి వచ్చే ఓటు వేయాలి. మా బావమరిది మస్కట్ నుంచి ఫోన్ చేసి "మీకు అన్నీ ఫ్రీ" అంటుంటాడు. జిగురు సీసా సంగతి వాడికి చెప్పలేదు.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లకి ఒక్క మాట. ఎన్నికల షెడ్యూలు వచ్చేదాకా ఆగకండి. పోస్టింగ్ మారిన ప్రతిసారీ కొత్త యూనిట్ క్లర్కు దగ్గరికి వెళ్లి, మీ పేరు చివరి భాగంలో ఉందా, యూనిట్ పేరు సరిగ్గా ఉందా, ఫోన్ నంబరు ఇప్పుడు వాడుతున్నదేనా అని అడగండి. వీలైతే ఒక టోనరు కూడా పట్టుకెళ్లండి.